కళ్ళు తెరిపించే పని

కుంచె కొసను పెదవుల మధ్య తిప్పి మొన తేల్చుకుని, టచింగ్ తాత మళ్ళీ ఫొటో మీదికి వంగాడు. స్టూడియో వెనకగది కిటికీ పక్కన నలభై ఏళ్ళుగా ఆయన పని ఇదే. ఫొటో తీసే క్షణంలో రెప్ప వేసినవాళ్ళకి కళ్ళు తెరిపించడం.

ఇది పాత సంత ఫొటో. కూరల గంపల మధ్య ఒకావిడ త్రాసు పైకెత్తి పట్టుకుంది. రెండు కళ్ళూ మూతబడ్డాయి. పొద్దున్నే ఆవిడ కూతురు తెచ్చిచ్చింది. తల్లి కూర్చున్న చోటే తనూ కూరలు అమ్ముతుంది.

"అమ్మది ఇదొక్కటే ఫొటో తాతా. పోయి పదేళ్ళు. మొహం గుర్తుంది, చూపే జారిపోతోంది," అంది.

తాత రెండుసార్లు కళ్ళు వేశాడు. రెండుసార్లూ తడి దూదితో తుడిచేశాడు.

స్టూడియో నడిపే మేనల్లుడు భుజం మీంచి తొంగిచూసి నవ్వాడు. "మళ్ళీ అత్తయ్యేనా మామయ్యా? ఊళ్ళో సగం గోడల మీంచి ఆవిడే చూస్తోంది!"

నిజమే. తాత తీరిగ్గా చూసిన కళ్ళు భార్యవి ఒక్కటే. ఆమె పోయాక చెయ్యి ఇంకో చూపు నేర్చుకోలేదు. నేర్చుకుంటే ఆమె చెరిగిపోతుందేమోనన్న భయాన్ని ఇన్నాళ్ళూ అలవాటు అనుకున్నాడు. ఈ పిల్లదీ అదే భయం. పరాయి కళ్ళిచ్చి పంపడానికి మనసొప్పలేదు.

మధ్యాహ్నం ఆమెని పిలిపించి వెలుతురులో కూర్చోబెట్టాడు.

"మీ అమ్మలా చూడమ్మా."

"ఎలా తాతా? మా అమ్మ చూపు రావాలంటే ఎవర్నైనా తిట్టాలి."

"నన్ను తిట్టు."

"పొద్దున ఇచ్చిన పని ఇంతసేపా? కళ్ళు తెరిపించమంటే నువ్వే కునుకు తీస్తున్నావా, ముసలాడా!" అంటూనే ఆమెకి నవ్వొచ్చేసింది.

"అదీ! కదలకు," అన్నాడు తాత.

కాసేపు కూర్చుని, బేరాల వేళయిందని ఆమె వెళ్ళిపోయింది. ఎండ వాలుతుండగా తిరిగొచ్చేసరికి మేనల్లుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నిద్రపోతున్నాడనుకున్నానమ్మా. కుర్చీలోనే... ఇప్పుడే ఇంటికి తీసుకెళ్ళారు."

ఆమె లోపలికెళ్ళింది. బల్ల మీద ఫొటోలో తల్లికి ఒక కన్ను తెరుచుకుంది. తిడుతూ తిడుతూ నవ్వబోతున్న కన్ను. రెండోది మూసే ఉంది.

"ఇంకెవరి చేతైనా రెండోదీ వేయిస్తాలేమ్మా," అన్నాడు మేనల్లుడు.

"వద్దులే అన్నా." ఆమె ఫొటో చేతిలోకి తీసుకుంది. "త్రాసు ముల్లు చూసేటప్పుడు అమ్మ ఇలాగే ఒక కన్ను మూసేది."

ఫొటో కొంగులో పొదువుకుని బయటికి నడిచింది. రెండో కంటికని కలిపిన నలుపు, బల్ల మీద పింగాణీ మూతలో ఇంకా తడిగానే ఉంది.