ఎంతదాకా మడవాలి?

కొత్త లెక్చరరమ్మకు ఆ ఉదయం కాఫీ కూడా రుచించలేదు. కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది పిల్లలకు రికర్షన్ చెప్పీ చెప్పీ గొంతు పోయింది. 'తనను తానే పిలుచుకునే ఫంక్షన్' అని గడగడా అప్పజెబుతారు గానీ, ల్యాబులో ఒక్కరి ప్రోగ్రామూ ఆగదు. పిలిచిందే పిలుస్తూ పోయి చివరికి చతికిలబడుతుంది. ఇవాళ హెడ్ గారు వెనక బెంచీలో కూర్చుని పాఠం వింటారు. ఈసారీ పిల్లల తలకెక్కకపోతే ఆ సబ్జెక్టు ఇంకొకరికి వెళ్లిపోతుంది.

"ఏవండీ, కాస్త ఆ కొస పట్టుకోండి," అంది ఆరిన దుప్పటి తెచ్చి.

కొత్త కాపురం. దుప్పటి మడవడం కూడా వాళ్లకు పండగే. కొసలు కలిపినప్పుడల్లా అతని ముఖం ఆమె ముఖం దగ్గరికొచ్చేది. మడిచాడు, మళ్లీ మడిచాడు, ఇక మడత పడనన్నా వదల్లేదు.

"చాలండీ బాబూ! దుప్పటిని ఇటుక చేశారు."

"ఎక్కడ ఆపాలో చెప్పావా మేడమ్ గారూ?"

"అలమరలో పడితే చాలదూ? అదీ చెప్పాలా?"

"చెప్పకపోతే ఎందుకు ఆపుతాను? మడిచినప్పుడల్లా నువ్వు దగ్గరికొస్తుంటేనూ!"

నవ్వబోయి ఆమె ఠక్కున ఆగింది. క్లాసులో తనూ అంతే. ఎలా పిలుచుకోవాలో బోర్డు నిండా రాసి, ఎక్కడ ఆగాలో గంట కొట్టేముందు ఒక్క ముక్కలో తేల్చేసింది. దుప్పటిని సంచీలో కుక్కుకుని పరుగు తీసింది.

క్లాసులో, అందరూ సందేహాలరావు అని పిలిచే కుర్రాడికీ ముందు బెంచీ అమ్మాయికీ దుప్పటి అందించి, "మడవండి," అంది.

"మేడమ్, దిండు మర్చిపోయారు!" వెనక నుంచి ఎవరో అన్నారు. హెడ్ గారు కూడా మీసాల్లో నవ్వుకున్నారు.

కుర్రాడు మడవబోయి ఆగాడు. "ఎంతదాకా మేడమ్?"

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "పుస్తకమంత అయ్యేదాకా. అయిందేమో ముందు చూడు. కాకపోతే సగానికి మడిచి, ఆ మడిచినదానికీ ఇదే పని చెయ్యి."

మడుస్తూ మడుస్తూ అమ్మాయి ఒక్కసారిగా అరిచింది. "మడిచాక కూడా ఇది దుప్పటే మేడమ్! కాస్త చిన్నది, అంతే. పని మారలేదు!"

"మన ప్రోగ్రాముల్లో ఎక్కడ ఆగాలో రాయలేదురోయ్!" అని సందేహాలరావు తల పట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ల్యాబులో అతని ప్రోగ్రాము ఆగింది. తర్వాత పక్కవాడిదీ ఆగింది.

"సబ్జెక్టు మీ దగ్గరే ఉంచుకోండమ్మా," అన్నారు హెడ్ గారు. "దుప్పటి మాత్రం డిపార్ట్‌మెంటుకి ఇచ్చెయ్యండి."

సాయంత్రం తలుపు తీస్తూనే, "పిల్లల తలకెక్కిందా?" అన్నాడు అతను.

"ఎక్కింది. అంతా మీ చలవే."

"నేనేం చేశాను? దుప్పటిని ఇటుక చేశానంతేగా!"

ఆమె ఇంకో దుప్పటి తెచ్చి కొస అతని చేతికిచ్చింది.

"ఈసారి ఎంతదాకా?"

"చెప్పను," అంది.