అత్తగారు చూపించిన చేప

అత్తగారు హోటలుకు రావడమే ఒక విశేషం. "ఇంట్లో పొయ్యి లేదా ఏమిటి, బయటికెళ్ళి తినడానికి?" అనే మనిషిని బతిమాలి, బామాలి, ఆ ఆదివారం కోడలు బయల్దేరదీసింది. ఈ ఒక్క పూటైనా ఆవిడ తనకు నచ్చింది అడిగి తినాలని కోడలి కోరిక.

ఆ హోటల్లో చేపల్ని ఐసు మీద పరిచి పెడతారు. నచ్చినదాన్ని చూపిస్తే వండి తెస్తారు. కోడలు కొంగు దోపుకుని సర్వర్ని విచారించడం మొదలుపెట్టింది. ఇది చెరువుదా, సముద్రందా? ఏ వలతో పట్టారు? ఇది గుడ్లు పెట్టే కాలం కాదూ?

"చేపకి పెళ్ళిచూపులు" అన్నాడు మొగుడు. సర్వరు నవ్వాపుకున్నాడు.

అంతలో అత్తగారు మెల్లగా వేలు చాపి, జానెడైనా లేని ఒక చేపను చూపించింది. "నాకు ఇది."

"అయ్యో అత్తయ్యా, అది పసిది! పెరిగితే మూరెడవుతుంది. ఒక్కసారైనా గుడ్లు పెట్టకముందే తినేస్తే ఇంక సముద్రంలో ఏం మిగులుతాయి?"

కోడలు చెప్పింది అక్షరాలా నిజమే. అత్తగారు మాత్రం పెనం తగిలినట్టు వేలు వెనక్కి తీసుకుంది. "నాకేం తెలుసమ్మా. నువ్వు చెప్పిందే తెప్పించు."

చెరువులో పెంచిన పెద్ద చేప ముక్కలై వచ్చింది. అత్తగారు ఇంట్లోలాగే అందరికీ వడ్డించి, తోకముక్క తను వేసుకుంది.

తిరిగి నడుస్తుంటే కోడలు ఉండబట్టలేక అడిగింది. "అంత చిన్నదాన్ని ఎందుకు చూపించారు?"

"ఏం లేదమ్మా. కాపురానికొచ్చినప్పటినుంచీ ముక్కలే కదా. ఒక చేపంతా నేనొక్కదాన్నే తిందామనిపించింది. పెద్దదైతే పారేస్తానని..." అని నవ్వేసింది.

కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. అదే ఐసు మీద, ఓ మూల, ఎంత ఎదిగినా జానెడు దాటని చేపలు గుట్టగా ఉన్నాయి. సముద్రంలో వాటికి కొదవా లేదు. సర్వర్ని ప్రశ్నలతో చంపింది గాని, అత్తగారిని ఒక్కటి అడిగితే సరిపోయేది.

మరుసటి ఆదివారం అత్తగారు గడప దాటనంది. "మీరెళ్ళి రండి. నాతో వస్తే నీకు పాఠం చెప్పే పని."

కోడలు తనే వెళ్ళి, ఆ చిన్న జాతి చేపనొకదాన్ని వేయించి తెచ్చి పళ్ళెంలో పెట్టింది. "ఇది పూర్తిగా ఎదిగిందే అత్తయ్యా. మొత్తం మీకే."

అత్తగారు ముచ్చటగా చూసింది. చూస్తూనే, అలవాటైన వేళ్ళతో ముల్లు లాగేసి, నడుం భాగం కొడుక్కీ, పొట్ట భాగం కోడలికీ వేసేసింది.

"అత్తయ్యా, మీకోసమని తెస్తే!"

"మిమ్మల్ని కూర్చోబెట్టుకుని నేనొక్కదాన్నే ఎలా తిననూ? ఆ రోజంటే ఏదో బుద్ధి పుట్టింది."

ఆ బుద్ధి ఆవిడకు మళ్ళీ పుట్టలేదు.