నూకయ్య ముక్కు మీది పులిపిరి

నూకయ్య ముక్కు పక్కన శనగగింజంత పులిపిరి పెళ్లినాటికే ఉంది. జోగమ్మ దాన్నెప్పుడూ పట్టించుకోలేదు. ఈ ఏడే అది నల్లబడి, కళ్లద్దాలు ఒరుసుకున్నప్పుడల్లా రక్తం కారడం మొదలైంది. రైల్వే వర్క్‌షాపులో ఏళ్ల తరబడి సమ్మెట కొట్టిన మనిషి, సూది పేరెత్తితే మాత్రం మాట మార్చేసేవాడు. చివరికి ఒకనాడు పొద్దున్నే, నిమ్‌పురా రైల్వే క్వార్టర్ల వాళ్లంతా చూస్తుండగా జోగమ్మ రిక్షా పిలిచింది. వద్దనడానికి అతనికి పరువు అడ్డొచ్చింది.

బెంగాలీ డాక్టరు పులిపిరిని అటూ ఇటూ కదిపి చూశాడు. చిన్న పనేననీ, కోసేసి ఇంటికి పంపేస్తాననీ, ముక్కను మాత్రం పరీక్షకు పంపాలనీ హిందీలో చెప్పాడు. పరీక్ష అనగానే జోగమ్మకి క్యాన్సరేమోనని భయం పట్టుకుంది. నూకయ్యకి ఆ మాట వినిపించనే లేదు. అతని చూపంతా ట్రేలో ఉన్న సూది మీదే.

తలుపు మూశారు. బయట బెంచీ మీద కూర్చుని జోగమ్మ సింహాద్రి అప్పన్నకి తలనీలాలు మొక్కుకుంది. తనవి కాదు, మొగుడివి.

కాసేపటికి నూకయ్య ముక్కు మీద పెద్ద కట్టుతో, గోడ పట్టుకుని బయటికొచ్చాడు.

"పేనం పోయొచ్చినాదే జోగీ! కత్తి ఎముక దాకా దిగిపోనాది."

ఇక మంచం దిగలేదు. పలకరించడానికి ఎవరొచ్చినా అదే కథ. పక్కింటి వెంకటరావు రోజూ వచ్చి వినేవాడు, రోజూ ఆ కత్తి కాస్త పొడుగయ్యేది. జోగమ్మ లోపలి దిగులు పైకి కనబడనీయకుండా కాళ్లు పట్టింది, అడిగిందల్లా వండి పెట్టింది.

రిపోర్టు కోసం మాత్రం ఒక్కతే వెళ్లింది. నర్సు స్వర్ణకుమారి తెలుగమ్మాయే. "భయమేం లేదు పిన్నీ, వట్టి పులిపిరే," అంది.

జోగమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "పాపం, మా ఆయనకి సానా నొప్పెట్టినాదేటమ్మా?"

"నొప్పా? మత్తు సూది వేశాక ఆయనకేం తెలిసింది! అంతా అయిపోయి కట్టు కడుతుంటే, 'ఎప్పుడు కోస్తారమ్మా?' అని అడిగాడు."

రిక్షాలో జోగమ్మ ఒక్కతే పడి పడి నవ్వుతుంటే రిక్షావాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. గోల్‌బజార్‌లో దిగి పులసలాంటి మంచి ఇలిష చేప కొంది.

కూర వాసనకి నూకయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. జోగమ్మ అతని ముందు గంజి పెట్టింది.

"మరి సేప?"

"ఎముక దాకా తెగినోలు నెల్లాళ్లు గంజే తాగాలట మావా. సేప ఎంకట్రావన్నకి ఇచ్చెస్తాను. నీ కథ ఓపిగ్గా ఇన్నాడు కదా."

నూకయ్య రెండు గుక్కలు తాగి గిన్నె దించాడు. "ఇప్పుడంత నొప్పి లేదే."

"ఎంతుంది?"

"కూసింత."

"కోసినప్పుడెంత?"

అతను గంజిలోకి చూశాడు. "సూదేసినప్పుడు సీమ కుట్టినట్టు... ఆ తర్వాత ఏటీ తెలీలేదు."

జోగమ్మ ఇక నవ్వాపుకోలేకపోయింది. ఇద్దరికీ అన్నం వడ్డించి కూర వేస్తూ, "పరీచ్చలో ఏటీ లేదన్నారు మావా," అంది.

"ఏ పరీచ్చే?"

ఆమె చెప్పింది. ఇన్నాళ్లూ ఒంటరిగా ఏం మోసిందో అతనికి అర్థమైంది. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి చేపగుడ్లున్న ముక్క తీసి ఆమె కంచంలో వేశాడు.

"తినే," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.