పట్టికమ్మ మార్చిన ఏడున్నర

పొద్దున ఏడున్నరయ్యిందంటే ఆ ఇంట్లో గిన్నె చప్పుడు వినబడకూడదు. అది అత్తగారి శాసనం. రేడియోలో చిన్నకోడలి గొంతు వచ్చే వేళ అది. శ్రోతల ఉత్తరాలు చదివి, వాళ్ళడిగిన పాటలు వేసే అరగంట. అత్తగారు రేడియో పక్కకి కుర్చీ లాక్కుని కూర్చునేది. పాటకి కాదు, కోడలి మాటకి తలూపేది.

పెద్దకోడలు కూడా ఆ జాతీయ రేడియోలోనే పనిచేస్తుంది. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. ఏ వేళకి ఏ కార్యక్రమం రావాలో మూడు నెలలకోసారి పట్టిక వేసేది ఆవిడే. అందుకే ఆఫీసులో ఆవిడ పేరు పట్టికమ్మ అయిపోయింది. వార్తలు, బడిపాఠాలు, జాలర్లకి గాలివాన హెచ్చరికలు, చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదవడం, అన్నీ ఆవిడ గీసిన గళ్ళలోంచి వెళ్ళాల్సిందే. కానీ పట్టికకి గొంతుండదు కదా. ఓసారి కిరాణా కొట్టాయన, "చిన్నమ్మగారి గొంతు రోజూ వింటామండీ. మీరేం చేస్తారక్కడ?" అనడిగాడు. పట్టిక వేస్తానని చెబితే, "ఓహో, టైపింగా," అన్నాడు.

తోడికోడల్ని గొంతు పరీక్షకి తీసుకెళ్ళింది కూడా తనే. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఆవిడకి తర్వాత బోధపడింది.

రెండేళ్ళ కిందట పై ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం ఒకటి ఆవిడ ఫైల్లో పడి ఉంది. కొండభాష మాట్లాడేవాళ్ళకి వారానికి పది నిమిషాలే ఇస్తున్నారు, అదీ వాళ్ళు పనుల్లో ఉండే మధ్యాహ్నం మూడింటికి, సరిచేయండి అని దాని సారాంశం. ఇన్నాళ్ళూ గుర్తురాని ఆ ఉత్తరం ఈసారి పట్టిక మీటింగుకి ముందురోజు గుర్తొచ్చింది.

"ఏడున్నర ఇచ్చేద్దామంటారా?" డైరెక్టరు కళ్ళజోడు తీశాడు. "మనల్ని ఎక్కువమంది వినేది అప్పుడే కదమ్మా."

"అందుకేనండీ. పాటలు ఎవరైనా వేస్తారు. కొండభాషలో మనం తప్ప ఎవరు మాట్లాడతారు? వినేవాళ్ళు తక్కువని వదిలేస్తే ఇంక మనమెందుకు?"

ఎవరూ ఎదురు చెప్పలేదు. అన్న ప్రతి మాటా నిజమే. అబద్ధమైతే బయటపడుతుందన్న భయమైనా ఉండేది. ఆవిడ మాత్రం తోడికోడలి వైపు చూడకుండా కాగితాలు సర్దుకుంది.

పాటలు మధ్యాహ్నం రెండున్నరకి పోయాయి. "సరే అక్కా," అంది చిన్నకోడలు, అంతే. అత్తగారు మూడు రోజులు పెద్దకోడలితో మాట్లాడలేదు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. వారానికోసారి వచ్చి కొండభాషలో చదివే రిటైర్డు మాస్టారు రోజూ రాలేనన్నాడు. ఆఫీసులో ఆ భాష వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా అని నోటీసు పెట్టారు. మర్నాడు చిన్నకోడలు వచ్చి ఆవిడ బల్ల ముందు నిలబడింది.

"నేను చదువుతానక్కా."

"నీకెలా వచ్చు?"

"మా అమ్మది ఆ కొండలే. అమ్మ పోయాక మాట్లాడేందుకు ఎవరూ లేకపోయారు."

"ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదక్కా."

పెద్దకోడలు పట్టికలో ఏడున్నర గడి ఎదురుగా తన చేత్తోనే తోడికోడలి పేరు రాసింది. రాస్తుంటే కలం రెండుసార్లు కాగితాన్ని చీల్చింది.

మొదటి రోజు కంట్రోలు రూములో అద్దం ఇవతల నిలబడి వింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. పాటల అరగంటలో వినిపించే తీపి గొంతు కాదది. తడుముకోకుండా, లోపల్నుంచి తన్నుకొస్తున్న గొంతు. ఈ గొంతు కూడా దీని దగ్గరే ఉందా అనుకుంది. ఇంట్లో అత్తగారు మాట తెలియకపోయినా తలూపడం మానలేదట.

నెల తిరిగేసరికి కొండల నుంచి ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చాయి. వచ్చిన ప్రతి ఉత్తరం సారాంశం రిజిస్టర్లో ఎక్కించాలి. ఆ పని పట్టికమ్మది. చిన్నకోడలు చదివి అర్థం చెబుతుంటే ఆవిడ రాసుకుంటోంది.

"ఈ ముసలావిడ రాసిందక్కా, మా మాటకి ఇంత మంచి వేళ ఇచ్చిన చెయ్యి చల్లగా ఉండాలని. మీ గురించే."

పెద్దకోడలు కలం కింద పెట్టింది. "నీ మీద కుళ్ళుతో మార్చాను ఆ వేళ," అంది.

చిన్నకోడలు ఇంకో కవరు అంచు చింపుతూ, "తెలుసక్కా," అంది.

"ఎప్పట్నుంచి?"

"మీటింగు రోజునుంచే. మీరు చెప్పిందాంట్లో తప్పు లేదని ఊరుకున్నాను."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదూ? వారం రోజులు మీకు పంచదార లేని టీ ఇచ్చాను. మీరు కనిపెట్టలేదు."

ఉన్న కోపాన్ని దాచకుండా, పెంచకుండా ఇంత తేలిగ్గా ఎలా చెప్పగలుగుతుందో పెద్దకోడలికి అర్థం కాలేదు. తనకది ఈ జన్మకి చేతకాదు. కుళ్ళు మళ్ళీ రాజుకుంది. రిజిస్టరు దగ్గరికి లాక్కుని, "ఊఁ, తర్వాతది చదువు," అంది.