మణికట్టు మీద మోపిన నేరం

వేడ్ స్టెక్లర్ తన ట్రక్కును కంకరరోడ్డుకు అడ్డంగా నిలిపి, నింపాదిగా దిగివచ్చి కారు అద్దం మీద వేళ్లతో తట్టిన రోజున ఆర్డిత్ హోల్వర్సన్ పిస్టల్ కొనాలని నిర్ణయించుకుంది.

ఆమెకు యాభై తొమ్మిదేళ్లు. అమెరికాలోని మోంటానాలో ఒక మూల జిల్లాలో, ఒక ఇంటికీ మరో ఇంటికీ మధ్య పది మైళ్ల గడ్డిబీడు పరచుకున్న చోట, మంచానపడ్డ వృద్ధులను ఇళ్లకు వెళ్లి చూసే నర్సు. జూన్ నెలలో వేడ్ తల్లి ఆమె సంరక్షణలో ఉండగానే కన్నుమూసింది. చివరిసారి ఇచ్చిన మార్ఫిన్ మోతాదే తన తల్లిని చంపిందని వేడ్ నమ్మాడు. డాక్టరు కాగితాలు ముందు పెట్టి వివరించినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. అతడు ఆర్డిత్ వెంటపడుతుంటే, ఆమెకు ఐదు వందల అడుగుల దరిదాపులకు రాకూడదని జడ్జి ఉత్తర్వు ఇచ్చాడు. ఉత్తర్వు ఆర్డిత్ చేతిసంచిలో ఉండేది. వేడ్ ట్రక్కు ఆమె కారు వెనుకచూపు అద్దంలో ఉండేది. ఆ రోజు అద్దం తట్టి అతడు గొంతు పెంచకుండా ఒక్క మాటే అన్నాడు.

"మా అమ్మ ఎట్లా పోయిందో నీకూ తెలిసొస్తుంది."

షెరీఫు కార్యాలయం నుంచి ఆ రోడ్డుకు మనిషి రావాలంటే నలభై నిమిషాలు పడుతుంది. నలభై నిమిషాల్లో మనిషి శరీరానికి ఏమేమి జరగవచ్చో ఆర్డిత్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు.

తుపాకుల విషయంలో సలహా అడగడానికి ఆమెకు తమ్ముడు లెలండ్ ఉన్నాడు. ఆమె కన్నా ఆరేళ్లు చిన్నవాడు. తల్లి పోయాక ఆమె చేతి వంట తిని పెరిగినవాడు. ఇద్దరూ కలిసి దుకాణానికి వెళ్లారు. దుకాణదారు గాజుబల్ల మీద ఐదు పిస్టళ్లు పరిచాడు. మధ్యస్థ పరిమాణంలో ఉన్న ఒక నల్లటి పిస్టల్ మీద ఆర్డిత్ చెయ్యి వేసిందో లేదో, లెలండ్ దాన్ని మెల్లగా పక్కకు జరిపాడు.

"అదెందుకక్కా? నాలుగేళ్లుగా నా నడుం మీదున్నది నీకిస్తాను. అలవాటైన గుర్రాన్నిచ్చినట్టు."

తన నడుముకున్నది తీసి అక్క నడుముకు కడుతున్నాడని ఆర్డిత్ కళ్లు చెమర్చాయి. ఆ మాట దుకాణదారుతో కూడా గర్వంగా చెప్పుకుంది.

సాధన లెలండ్ గడ్డివాము వెనుక మొదలైంది. జిల్లా షూటింగ్ రేంజ్‌కు వెళ్లవద్దని అతడే పట్టుబట్టాడు. ఊరి నోట పడితే వేడ్ చెవిన పడుతుందన్నాడు. ఆ మాట సబబుగానే తోచింది. ఆ ప్రాంతంలో అందరూ పాటించే నియమాన్ని కూడా అతడే నేర్పాడు: కోటు కింద మోయదలచిన పిస్టల్‌ను ముందుగా రెండు వందల తూటాలతో పరీక్షించాలి. అవి నిజంగా మోయబోయే రకం తూటాలే కావాలి. ఒక్కసారి ఆగినా లెక్క మళ్లీ ఒకటి దగ్గర మొదలవుతుంది. లెక్క పూర్తయ్యేదాకా ఆ పిస్టల్ ఒరలోకి వెళ్లకూడదు.

ఆర్డిత్ లెక్క ముప్పై ఏడు దగ్గర ఆగింది. మరునాడు అరవై ఒకటి, ఆ తరువాత ఇరవై రెండు. ప్రతిసారీ ఒకటే తీరు: పై తూటా గొట్టంలోకి ఎక్కకుండా ముక్కు కిందికి గుచ్చుకునేది, పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే స్లైడు సగం తెరుచుకుని నిలిచిపోయేది. లెలండ్ నవ్వేవాడు.

"పిస్టల్‌కేం రోగం లేదు. నీ మణికట్టే వెన్నముద్ద."

పట్టు సడలితే ఇలాంటి పిస్టళ్లు ఆగిపోయే మాట నిజమే. ఆ నిజాన్ని ఆ ప్రాంతపు మగవాళ్లు ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా దాచి ఉంచుతారు. అదే పిస్టల్ మగవాడి చేతిలో ఆగితే స్ప్రింగును తిడతారు. ముప్పై నాలుగేళ్ల నర్సు పనిలో, ఎండిపోయిన ముంజేతుల్లో తొలి ప్రయత్నంలోనే నరం పట్టుకున్న చెయ్యి ఆర్డిత్‌ది. అయినా తమ్ముడి మాటకు ఆ చేతినే దోషిగా నిలబెట్టింది. సాయంత్రాలు వార్తలు వింటూ రబ్బరు బంతి పిసికింది. నీళ్లు నింపిన పాలడబ్బా ఎత్తి దించింది. ఐదు వారాలు గడిచాయి. ఆ ఐదు వారాలూ వేడ్ ఇంటి ముందు నుంచి పోయే రోడ్డు మీద ఆమె వట్టి చేతులతోనే తిరిగింది, ఎందుకంటే లెక్క ఒక్కసారి కూడా డెబ్బై దాటలేదు.

అక్టోబరు చివర్లో ఎల్క్ దుప్పుల వేట మొదలై లెలండ్ వారం రోజులకు కొండల్లోకి వెళ్లాడు. ఊరికే కూర్చుంటే సాధించిన కొంచెమూ పోతుందన్న భయంతో, అతడి మాట మీరి ఆర్డిత్ జిల్లా రేంజ్‌కు వెళ్లింది. దాన్ని నడిపే ఇలీన్ టుహీ ఒకప్పుడు షెరీఫు దగ్గర డెప్యూటీ. అరవై ఎనిమిదేళ్ల మనిషి, పొగడ్త ఆమె నోటికి అలవాటు లేదు. తూటాలు నింపే మ్యాగజైన్లు రెండు ఖాళీ అయ్యేదాకా చేతులు కట్టుకుని చూసింది. పిస్టల్ ఆగింది. ఆర్డిత్ తన మణికట్టు సంగతి చెప్పి క్షమాపణలాంటిదేదో గొణిగింది.

"ఎవరన్నారు నర్సమ్మా, నీ మణికట్టు మెత్తనని?"

లెలండ్ అన్నాడని ఆర్డిత్ చెప్పింది. ఇలీన్ పిస్టల్ అందుకుంది. ఆమె చేతుల్లో అది పదకొండో తూటాకు ఆగింది. మ్యాగజైన్ మార్చింది, నాలుగో తూటాకు ఆగింది.

"ఇప్పుడు నా మణికట్టూ వెన్నముద్దేనా?" అంటూ పిస్టల్ ఖాళీ చేసి తిప్పి చూసింది. పిడి అడుగున ఉన్న గీత దగ్గర ఆమె బొటనవేలు నిలిచింది. "ఇది లెలండ్‌దే. ఏప్రిల్లో ఇక్కడికే తెచ్చాడు. నలభై తూటాల్లో ఏడుసార్లు ఆగింది. స్ప్రింగు మార్చాం, మ్యాగజైన్లు మార్చాం, లాభం లేకపోయింది. తయారుచేసినవాళ్లకి పంపించెయ్యమన్నా. చేపల పడవకి లంగరుగా పనికొస్తుందిలే అన్నాడు."

ఆ తరువాత మరమ్మతు చేయించి ఉంటాడేమోనని ఆర్డిత్ అడిగింది. ఏప్రిల్‌లో ఆగిన చోటే, అదే తీరున ఇప్పుడూ ఆగిందని ఇలీన్ చెప్పింది. ఆర్డిత్ పిస్టల్‌ను సంచిలో పెట్టుకుంది. తన కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని కాసేపు బల్ల మీద కూర్చుంది.

ఇలీన్ తన బీరువాలోంచి నాలుగు పిస్టళ్లు తెచ్చి వరుసగా పెట్టింది. సిఫారసు చేయనంది, చేతులు ఎవరివో ఎంపిక వాళ్లదే అంది. ఆర్డిత్ ఈసారి మందులు సరిచూసుకునే శ్రద్ధతో ఒక్కొక్కదాన్నీ పరీక్షించింది. అరచేతిలో ఇమిడే ముచ్చటైన చిన్నది అరచేతినే కొరికింది. తేలిక పిస్టల్ ఎదురుదెబ్బ గట్టిగా కొడుతుందని ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఆడవాళ్ల కోసమని ఊదారంగు పూసిన రెండోదాని స్లైడు వెనక్కి లాగడానికి రెండు భుజాలూ కావలసి వచ్చాయి. మూడోదాని గురిగుర్తు ఆమె వయసు కళ్లకు ఆనలేదు. నాలుగోది కొంచెం బరువు, కొంచెం వెడల్పు, చూపుకు ఏమంత బాగుండదు. చిటికెన వేలితో సహా చెయ్యంతా దాని పిడి మీద కుదురుకుంది. దుకాణం నుంచి అదే రకం కొత్తది తెచ్చుకుంది. మూడు రోజుల్లో రెండు వందల తూటాలూ పేలాయి. ఒక్కసారీ ఆగలేదు. అదే మణికట్టు.

రెండు వందలవ తూటా తరువాత ఆమెకు సంతోషం కలగలేదు. ఐదు వారాల్లో తాను వట్టి చేతులతో చేసిన ప్రయాణాలు లెక్కపెట్టుకుంది: అరవై మూడు.

లెలండ్ కొండల నుంచి దిగిన మరునాడు ఆమె అతడి ఇంటికి వెళ్లింది. షెడ్డులో దూలానికి ఎల్క్ తొడలు వేలాడుతున్నాయి. అతడు కత్తితో మాంసం విడదీస్తున్నాడు. ఆర్డిత్ పాత పిస్టల్‌ను స్లైడు తెరిచి, ఖాళీగా, బల్ల మీద పెట్టింది. ఏప్రిల్లో ఇది ఏడుసార్లు ఆగిందట కదా అంది. ఇలీన్‌కు మతిమరుపు వచ్చిందని లెలండ్ అన్నాడు. అప్పుడామె చూపు రెండో తొడ మీద పడింది. వేటగాడి అనుమతి చీటీ దానికి తీగతో కట్టి ఉంది. చీటీ మీద పేరు వేడ్ స్టెక్లర్.

"వాడితో వెళ్లావా?"

"ఇరవై ఏళ్ల నుంచి వెళ్తున్నాం కదక్కా." కత్తి ఆగలేదు. "వాడు నిన్నేం చెయ్యడు. తల్లి పోయిన బాధలో ఏదో వాగుతాడు, అంతే."

"కారుకి అడ్డంగా ట్రక్కు పెట్టాడు."

"పెట్టాడు. మర్నాడే నా దగ్గర చెప్పుకుని ఏడ్చాడు."

సాక్షి ఎవరూ లేరని, ఆమె మాటకు ఎదురు అతడి మాటేనని షెరీఫు రెండుసార్లు ఆమెను వెనక్కి పంపాడు. సాక్షి ఇక్కడ మాంసం కోస్తున్నాడు.

"నువ్వు హడలిపోయున్నావు," అని లెలండ్ కొనసాగించాడు, పసిదానికి నచ్చజెబుతున్న గొంతుతో. "హడలిపోయినదాని చేతిలో పనిచేసే తుపాకీ ఉంటే ఎవరో ఒకరు చస్తారు. ఏదో ఒకటి దగ్గరుందన్న ధైర్యం నీకు చాలనుకున్నా. ఇద్దర్నీ కాపాడదామనే."

"వాడికి తెలుసా? నా దగ్గరున్నది పేలదని?"

లెలండ్ కత్తిని గుడ్డతో తుడిచాడు. రెండో వైపు కూడా తుడిచాడు.

"అడిగాడు. మీ అక్క పిస్టల్ పట్టిందంటగా అని. పట్టినా ఏం కాదులే అన్నా."

బయట కుక్క ఎముక కొరుకుతున్న చప్పుడు వినిపించింది. ఆర్డిత్‌కు ఏడుపు రాలేదు. రోగి ప్రాణం పోయిన సమయాన్ని రాసుకునే వేళ ఎలాంటి నిదానం వస్తుందో, అలాంటి నిదానం వచ్చింది.

"రేపు షెరీఫు నీ దగ్గరికొస్తాడు," అంది. "వాడు నీతో చెప్పుకుని ఏడ్చింది ఆయనకి చెప్పు. చెప్పకపోతే కోర్టులో ప్రమాణం చేయించి అడిగిస్తా."

"స్నేహితుణ్ణి జైలుకి పంపమంటావా?"

"నన్నెక్కడికి పంపావో చూసుకో ముందు."

ఆమె తలుపు వైపు నడిచింది. బల్ల మీది పిస్టల్‌ను చూసిన తరువాతే లెలండ్‌కు అనుమానం వచ్చినట్టుంది. గొంతులో నచ్చజెప్పే తీపి పోయింది.

"మరి ఇప్పుడేం మోస్తున్నావు?"

ఆర్డిత్ వెనక్కి తిరిగి నిలబడింది. అతడి చూపు ఆమె కోటు కాలరు నుంచి దిగి, జేబులు తడిమి, నడుము చుట్టూ తిరిగి, చీలమండల దాకా వెళ్లి మళ్లీ పైకి వచ్చింది. ఎక్కడా ఏదీ ఉబ్బెత్తుగా లేదు. ఏది కొన్నదో, ఎక్కడ పెట్టుకున్నదో, అసలు పెట్టుకున్నదో లేదో ఆ చూపుకు అంతుపట్టలేదు. వేడ్ అడిగినప్పుడు లెలండ్ దగ్గర ఈసారి చెప్పడానికేమీ ఉండదు.

ఆమె కోటు మీది గుండీ పెట్టుకుని కారు దగ్గరికి నడిచింది. స్టెక్లర్ల రోడ్డు అవతల, మూడు గంటలకు, కట్టు మార్చవలసిన రోగి ఒకాయన ఎదురుచూస్తున్నాడు.