కాలవగట్టు పరీక్ష

అమలాపురంలో నా స్టూడియో పేరు చెబితే ఎవడూ ఎరగడు. మైకుసెట్టు త్రిమూర్తులంటే మాత్రం రిక్షావాడు కూడా గుమ్మం దాకా తీసుకొచ్చి దింపుతాడు. పాతికేళ్లు తీర్థాలకీ, పెళ్లిళ్లకీ, ఎన్నికలకీ హారన్లు కట్టినవాణ్ణి. కొబ్బరిచెట్టెక్కి హారన్ బిగించి, పలుకుతోందో లేదో దాని మూతి దగ్గరే చెవి పెట్టి చూసినవాణ్ణి. తర్వాత ఓ కంప్యూటర్ కొని, కాలవ పక్క మేడగదికి నాలుగు వైపులా కొబ్బరిపీచు పరుపులు కొట్టించి, స్టూడియో అని బోర్డు పెట్టాను. భజనలు, పార్టీ పాటలు, ఆటోల్లో తిరిగే ప్రకటనలు. ఇవే నా పంటలు.

పనిలో నాకో పద్ధతి ఉండేది. పాట తయారయ్యాక డాబా మీది హారన్లో పెట్టి, నేను కిందకి దిగి, వంతెన దాటి అవతలి గట్టు మీద నిలబడేవాణ్ణి. అక్కడికి ప్రతి మాటా తేటగా వినబడితే పాట పాసు. వినబడకపోతే మళ్లీ మేడెక్కి మాట పెంచి, మిగతాది తగ్గించడమే. ఆ కాలవగట్టు పరీక్ష తప్పిన పాట ఒక్కటి కూడా నా గుమ్మం దాటలేదు. దాటిన పాటకి వంక పెట్టినవాడూ లేడు. అందుకే నాకు కొంచెం తలపొగరు ఉండేది. కొంచెమేమిటి, బాగానే ఉండేది.

రెండువేల ఎనిమిది కార్తీకం వెళ్లాక ఓ రోజు మధ్యాహ్నం పాతికేళ్ల మనిషొకడు చెప్పులు కిందే విడిచి మేడెక్కి వచ్చాడు. సన్నగా, నల్లగా, ఇస్త్రీ చొక్కాతో ఉన్నాడు.

"నమస్కారమండి గురువుగారు. నా పేరు సాయిదుర్గాప్రసాదండి. మాది ఓడలరేవండి. ఓ పాట రికార్డు చెయ్యాలండి."

"భజనా, పార్టీయా?"

"కాదండి, ర్యాపండి."

"ఏ దేవుడు?"

"దేవుడు కాదండి. మా ఊరి పాటండి," అని నవ్వాడు.

మస్కట్లో పరంజాలు కట్టే పనట. అక్కడ గదిలో ఉండే ఫిలిప్పీన్స్ కుర్రాడు లాప్‌టాప్‌లో బీట్లు కడతాడట. వాటి మీద మనవాడు తెలుగులో మాటలు అల్లుకున్నాడు. సెలవుకొచ్చి, సెల్‌ఫోన్‌లో అరకొరగా రికార్డు చేసిన ముక్కని హైదరాబాద్‌లో ఓ చిన్న కంపెనీకి పంపాడు. సినిమాలతో పనిలేకుండా పదిమంది కొత్త ర్యాపర్ల పాటలతో సీడీ తెస్తున్నారట వాళ్లు. గొంతు నచ్చింది, స్టూడియోలో బాగా చేయించి పంపమన్నారు.

"తీసుకున్నారంటే హైదరాబాద్‌లోనే ఉండిపొమ్మన్నారండి. ఇంకా పాటలు చేయిత్తారంటండి. తీసుకోకపోతే పై నెల్లో ఆదివారం నా ఫ్లైటండి. ఈసారి ఎక్కితే ఐదేళ్ల కాంట్రాక్టండి. ఈ పాట ఒకటే ఉందండి నాకు," అన్నాడు.

మాటలు పాడటమా, పాట మాట్లాడటమా, ఇదేం విద్యరా అనుకున్నాను. పరుపుల గదిలో ఫ్యాను కట్టేసి, మైకు ముందు నిలబెట్టాను. వాడు మొదలెట్టాడు.

"నేల కింద గ్యాసు, నెత్తి మీద పొగ,
మా అమ్మ గొట్టమూదుతుంటే మా బతుకంతా సెగ..."

నా ఒళ్లు జలదరించింది. ఉన్నమాట చెప్పాలి. పాతికేళ్లలో ఎందరి గొంతులో పట్టాను, అలాంటిది పట్టలేదు. చేపల రేవులో బేరాల వేగం ఉంది దాంట్లో, ఏడుపు మింగిన ఆడవాళ్ల బరువూ ఉంది. నాలుగు గంటలు పాడాడు. చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. నేనే కిందకెళ్లి సోడా తెచ్చి ఇచ్చాను. నేను ఎవరికీ సోడా తేను.

మర్నాడు మిక్సింగ్‌కి కూర్చున్నాం. మిక్సింగంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, పులుసు పెట్టడం లాంటిది. గొంతు, బీటు, తాళం, అన్నీ ఒకదాన్నొకటి మింగకుండా ఉడకాలి. మాస్టరింగంటే దింపేముందు ఉప్పూ కారం సరిచూడటం. అయితే ఎవరి నోటికి సరిచూస్తామన్నదే అసలు సంగతి. నేను హారన్ నోటికి సరిచూసేవాణ్ణి.

డాబా మీద హారన్లో పాట పెట్టి ఇద్దరం గట్టు మీద నిలబడ్డాం. బీటు అడుగున ఉన్న దెబ్బకి హారన్ గరగరమంది. మేడెక్కి అడుగు కోసేశాను. మళ్లీ గట్టు మీదకి. మాటల్లో స, ష, చ తేలడం లేదు. పైకెళ్లి వాటిని పెంచాను. మళ్లీ గట్టు. ఇంకా తేలడం లేదు. ఇంకా పెంచాను. అలా ఆరుసార్లు. ఆరోసారికి ప్రతి మాటా నాకు ముత్యంలా వినబడింది. పక్కన ప్రసాద్ అరచెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. శ్రద్ధగా వింటున్నాడనుకుని మురిసిపోయాను.

"ఎలా ఉంది?" అన్నాను.

వాడు కాలవ నీళ్లకేసి చూశాడు. "అడుగు దెబ్బ కొంచెం తెలవట్లేదేమోనండి..."

"అడుగు దెబ్బ ఎవడిక్కావాలయ్యా? మాట తెలిసిందా లేదా?"

"ఆయ్."

"బాగుందా మరి?"

"ఆయ్."

మా కోనసీమలో ఆయ్ అంటే అవుననే అనుకుంటారు బయటివాళ్లు. కాదు. మీరన్నది విన్నానండి అని ఆయ్. మీరు పెద్దవారు, మీ మాటకి ఎదురు చెప్పలేనండి అని ఆయ్. వెళ్లొస్తానండి అన్నా ఆయే. ఈ నేల మీద పుట్టి, యాభై రెండేళ్లు ఆ మాట తింటూ బతికినవాణ్ణి, ఆ రోజు మాత్రం నాకు కావలసిన అర్థమే తీసుకున్నాను. రెండోసారి అడగనే లేదు. సీడీ కొట్టి, మీద నా ఫోన్ నంబరు వేసి ఇచ్చాను. వాడు రెండు చేతులతో అందుకుని కొరియర్‌కి పట్టుకెళ్లాడు. ఆ సాయంత్రమే, కంప్యూటర్లో చోటు చాలక, అలవాటు ప్రకారం వాడి గొంతు, బీటు విడివిడిగా ఉన్న రికార్డింగులన్నీ చెరిపేశాను. మర్నాడు అయ్యప్ప భజన ఉంది.

పై నెల్లో, సరిగ్గా వాడి ఫ్లైటున్న వారంలో, సోమవారం నాడు హైదరాబాద్ నుంచి ఫోనొచ్చింది. చిన్న వయసు గొంతు.

"సార్, ప్రసాద్ వాయిస్ చాలా బాగుందండి. కానీ మిక్స్ ఎవరు చేశారు? స అన్నప్పుడల్లా చెవిలో సూదులు గుచ్చినట్టుంది. బీటు అడుగున బాస్ అసలు లేదు. ఇలా వేసుకోలేం. విడి ట్రాకులు శనివారంలోగా పంపిస్తే ఇక్కడే మిక్స్ చేసుకుంటాం. లేదంటే ఇంకొకళ్ల పాట తీసుకోవాలి. ప్రసాద్‌కి చెప్పండి, ప్లీజ్."

నాకు ఒళ్లు మండిపోయింది. నిన్నగాక మొన్న పుట్టినవాడు నాకు చెబుతాడా! అదే కోపంలో ఇంటికెళ్లి, పాట పెట్టి, మా ఆవిడ సూర్యకుమారిని పిలిచాను. వింటూనే రెండు చెవులూ మూసుకుంది.

"ఇదేంటండీ, సూదులు గుచ్చుకుంటన్నాయి!"

హైదరాబాద్ వాడి మాటే! అవే సూదులు!

"నా పాటలన్నీ ఇలాగే ఉంటాయా?" అన్నాను.

"ఇలాగే ఉంటాయండి. హారన్లోవే కదాని ఎవరూ పట్టించుకోరు. టీవీ కూడా మీరు పెడితే పక్కింటోళ్లు తలుపులేసుకుంటన్నారు. చెబితే కోప్పడతారని చెప్పలేదండి."

మర్నాడు ఎవరికీ చెప్పకుండా కాకినాడ వెళ్లి చెవుల డాక్టరుకి చూపించుకున్నాను. గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా చెయ్యెత్తమన్నాడు. సగం సేపు చెయ్యెత్తాను. తక్కిన సగం సేపు మిషన్ ఆగిపోయిందనుకుని కూర్చున్నాను.

"కీచురాళ్ల చప్పుడు విని ఎన్నాళ్లయింది?" అని అడిగాడు.

"మా వీధిలో ఈమధ్య కీచురాళ్లు లేవండి."

"ఉన్నాయండి," అన్నాడు డాక్టరు మెత్తగా. కాయితం మీద గీత చూపించాడు. సగం దాకా తిన్నగా వెళ్లి, అక్కణ్ణుంచి నూతిలో పడినట్టు కిందకి పోయింది. స, ష, చ లాంటి సన్నటి చప్పుళ్లే ముందు పోతాయట. హారన్ల దగ్గర పనిచేసినవాళ్లకి ఇది మామూలేనట. పోయింది తిరిగి రాదట. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏమిటి కొరుకుతున్నావు అన్నాడట. ఆ సామెత చెప్పి ఎందరినో ఆటపట్టించినవాణ్ణి నేను. తిరుగు బస్సులో కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

అయినా ఒక దారుందనిపించింది. విడి ట్రాకులు ఎప్పుడో చెరిపేశాను కాబట్టి, ప్రసాద్‌ని పిలిచి మళ్లీ పాడించాలి. ఏమీ కెలకకుండా గొంతు గొంతుగానే శనివారంలోగా పంపెయ్యాలి. ఒక్కరోజు పని. అందుకు ఒక్కమాట చెబితే చాలు, బాబూ, నా చెవులు పోయాయి అని. రాత్రంతా ఆ మాట నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను. తెల్లారగానే ఓడలరేవు వెళ్లే బస్సు డ్రైవరుతో కబురు పంపాను.

బుధవారం పది గంటలకి ప్రసాద్ వచ్చాడు. వాడికన్నా పావుగంట ముందు పార్టీ నాయకుడు బుచ్చిరాజు వచ్చి కూర్చున్నాడు. ఎన్నికలు ముంచుకొస్తున్నాయి, నియోజకవర్గం మొత్తానికి పన్నెండు పాటలు నాకే ఇస్తానని వచ్చాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున్న ఆయన చెవిన పడ్డ మాట మధ్యాహ్నానికి రాజోలులో చెప్పుకుంటారు. త్రిమూర్తులికి చెవుడట అని ఒక్కసారి బయటికొస్తే, పన్నెండు పాటలు కాదు, ఆటో ప్రకటన కూడా నా మేడెక్కదు. ఈ వయసులో నేనేం చెయ్యను? కొబ్బరికాయలు వలవనా?

ప్రసాద్ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నిన్న హైదరాబాద్ నేనే ఫోన్ చేసేనండి. అసలాయన లేరండి, ఎవరో అమ్మాయి ఎత్తింది. వింటుంటే చెవులు నొప్పెడతన్నాయంట, వేసుకోరంటండి. మీరు రెండ్రోజులు అంత కష్టపడి గట్టెక్కీ దిగీ చేసేరండి. మీ తప్పేం లేదండి. నా గొంతే అలాంటిదండి. ఫోన్లో తెలవలేదు, స్టూడియోలోకి వచ్చేసరికి బయటపడిపోయింది. అంతేనంటారా అండి?"

అడిగి, నా మొహంలోకి చూశాడు. కాదను, కాదను అని బతిమాలుతున్నాయి ఆ కళ్లు. చెవులు పోయినా అది తెలియనంత గుడ్డివాణ్ణి కాను.

నేను బుచ్చిరాజు వైపు చూశాను.

"ఆయ్," అన్నాను.

ప్రసాద్ తలూపాడు. వంగి నా కాళ్లకి దణ్ణం పెట్టి, మెట్లు దిగిపోయాడు. "ఎవడండీ ఈ పిచ్చోడు? మా పార్టీకి నాలుగు నినాదాలు అరవమనండి," అని బుచ్చిరాజు పెద్దగా నవ్వాడు. బస్టాండు మా మేడకి ఐదు నిమిషాల దూరం. ఓడలరేవు బస్సు పదకొండుకి గానీ కదలదు. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది. పదకొండు దాకా నేను పార్టీ పాటల పల్లవులు రాసుకుంటూ కూర్చున్నాను. గురువారం ఉంది, శుక్రవారం ఉంది. ఆ రెండు రోజులూ కూడా కూర్చునే ఉన్నాను. ఆదివారం వాడి ఫ్లైటు వెళ్లిపోయింది.

ఆ పన్నెండు పాటలూ కోనసీమంతా మోగాయి. హారన్లోంచి వచ్చేదానికి ఎవరు వంక పెడతారు? పనులు ఇంకా పెరిగాయి. నా చెవుల సంగతి సూర్యకుమారికీ, కాకినాడ డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

రెండేళ్ల తర్వాత ఓడలరేవులో ఓ పెళ్లికి మైకు కట్టడానికి వెళ్లాను. ఎండుచేపల తడికెల దగ్గర కూర్చున్న ఆవిడ నన్ను చూసి లేచి, ఎదురొచ్చింది.

"త్రిమూర్తులుగారు కదండీ? నేను ప్రసాద్ వాళ్లమ్మనండి, అచ్చాయమ్మని. మీ మేలు మర్చిపోలేమండి. ఆ పాటల పిచ్చి మీవల్లే వదిలిందండి వాడికి. మీరంతటోరు చెప్పేకే నమ్మేడు. ఇప్పుడు బుద్ధిగా పన్లో ఉన్నాడండి."

బలవంతంగా కూర్చోబెట్టి, ఎండునెత్తళ్లు పొట్లం కట్టి ఇవ్వబోయింది. పొట్లం గళ్ల నోటుపుస్తకం కాయితం. మీద వరసగా చిన్న చిన్న అక్షరాలు. పాట.

"వాడివేనండి ఆ పుస్తకాలు. పొట్లాలకి వాడుకోమన్నాడు. నాకు చదువు రాదు కదండీ, ఏం రాసేడో."

ఇక నావల్ల కాలేదు. "అమ్మా, మీ అబ్బాయి గొంతుకి ఏ లోటూ లేదమ్మా," అన్నాను. "అలాంటి గొంతు నేను ఇంకోటి వినలేదు. లోటు నా చెవులది. నాకు సగం చప్పుళ్లు వినబడవు. పాట పాడుచేసింది నేను. మళ్లీ పంపమని హైదరాబాద్ వాళ్లు వారం గడువిచ్చారు. నేను ఆ మాట మీవాడికి చెప్పలేదు."

అచ్చాయమ్మ పొట్లానికి దారం చుడుతూనే ఉంది. ముడి వెయ్యడం మాత్రం మర్చిపోయింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"నంబరివ్వమ్మా. ఇప్పుడే ఫోన్ చేసి చెబుతాను," అన్నాను.

"వద్దు బాబూ," అంది గబుక్కున. నా చెయ్యి పట్టుకుంది. "వాడికి చెప్పకండి. గొంతు బాగోదు, అంతేలే అనుకుని అక్కడ ఇనప గొట్టాలు మోత్తన్నాడండి. బాగుందని తెలిత్తే ఇంకా మూడేళ్లు ఎలా మోత్తాడండి?"

"సరేనమ్మా, చెప్పను," అన్నాను. అంత తేలిగ్గా నా నోట ఏ మాటా ఎప్పుడూ రాలేదు.