సాక్షిగారి ఆరోగ్యం

మా ఆయనకు జలుబు చేస్తే కన్నపిల్లలకన్నా ముందు వ్యాన్ డ్రైవరు పరుగెత్తుకొచ్చేవాడు. "పిన్నీ, బాబాయ్‌కి ఛాతీలో ఏమన్నా పట్టేసిందా?" అని గుమ్మంలోనే అడిగేవాడు. బల్బు మార్చడానికి ఆయన స్టూలెక్కితే కిందికి దింపి తనే ఎక్కేవాడు. మాకూ అతనికీ ఏ చుట్టరికమూ లేదు. అతని కేసులో మా ఆయన ఒక్కరే సాక్షి. అందుకని అతనూ అతని భార్యా ఆయన్ని కంటికి రెప్పలా చూసుకునేవారు. కట్టుకున్న దాన్ని, నేనే అంతగా చూసుకోలేదు.

తొమ్మిదేళ్ల కిందట మా కుట్టుషాపు ఎదుట, కూడలిలో ఒక మోటార్ సైకిలు వచ్చి అతని వ్యానును గుద్దింది. బండిమీద మనిషికి కాలు విరిగింది. ఎర్రదీపం పడినా వ్యానే దూసుకొచ్చిందని ఆ బండివాడు ఫిర్యాదు చేశాడు. కాదు, వ్యానుకు పచ్చదీపమే ఉందని మా ఆయన పోలీసులకు చెప్పారు. అంతే, డ్రైవరు లైసెన్సు కోర్టులో ఇరుక్కుపోయింది, మేమూ ఇరుక్కుపోయాం. స్టీరింగు తప్ప వేరే పని తెలియని మనిషి గోదాములో మూటలు మోస్తూ తొమ్మిదేళ్లు గడిపాడు.

పంతొమ్మిదిసార్లు షాపు మూసి కోర్టుకు వెళ్లాం. ఒకసారి జడ్జిగారికి బదిలీ అయింది. ఒకసారి లాయరుకు జ్వరం. ఒకసారి ఫైలు కనపడలేదు. ఒకసారి మా ఆయన బోనులోకి ఒక కాలు పెట్టగానే భోజన విరామం అన్నారు, ఆ పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నారు. విసుగొచ్చి నేను కోర్టు గుమాస్తా మీద నోరు పారేసుకున్నాను కూడా, పాపం అతనేం చేస్తాడు, అతని బల్లమీద ఫైళ్లు అతని తలకన్నా ఎత్తున ఉన్నాయి.

వాయిదాకూ వాయిదాకూ మధ్య సంగతి మరిచిపోకుండా ప్రతి ఆదివారం పొద్దున్నే ఆయనకు పరీక్ష పెట్టేదాన్ని. వంటింట్లో గరిట పట్టుకుని నేను లాయర్ని, కత్తెర నూరుకుంటూ ఆయన సాక్షి.

"దీపం?"

"పచ్చ."

"బండివాడి చొక్కా?"

"పసుపు. జేబు మీద ఒక గుండీ లేదు."

ఎనిమిదేళ్లు తు.చ. తప్పకుండా చెప్పారు. ఈ ఏడాది మొదట్లో ఒక చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టారు. నలభై ఏళ్ల పనిమంతుడు! నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు. డాక్టరు పరీక్షలన్నీ చేసి, "జ్ఞాపకశక్తి కొంచెం కొంచెం తగ్గుతోందమ్మా, మందులతో నెమ్మదిస్తుంది, ఆగదు" అన్నాడు. ఆ మాట డ్రైవరుకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆదివారం పరీక్ష రోజూ పెట్టడం మొదలుపెట్టాను. చొక్కా ఒకరోజు నీలం అయ్యేది, ఒకరోజు తెలుపు. నా గుండెల్లో రాయి పడింది. ఈయన మరిచిపోయేలోగా కోర్టు పిలుస్తుందా?

అప్పుడు ఫోనుకు సందేశం వచ్చింది. ఐదేళ్లు దాటిన కేసుల కోసమే ఇద్దరు జడ్జీలను వేశారట. సాక్షి గురువారం పదకొండూ ఇరవైకి వస్తే చాలట.

"పదకొండూ ఇరవై! పెళ్లి ముహూర్తం అనుకున్నారు కాబోలు" అన్నాను. అయినా వెళ్లాం.

వరండా చూసి తప్పు చోటికి వచ్చామేమో అనుకున్నాను. ఎప్పుడూ నిలబడ్డానికైనా చోటుండని ఆ వరండాలో బెంచీలు సగం ఖాళీ. గోడ మీద ఆ రోజు కేసులు, వాటి వేళలూ రాసిపెట్టారు. పన్నెండేళ్ల ఇంటి తగువు తేలిన పెద్దావిడ ఒకరు నా చెయ్యి పట్టుకుని, "అయిపోయిందమ్మా, ఇంటికెళ్లిపోతున్నా" అంది. నేనెవరో ఆవిడకు తెలియదు. సరిగ్గా పదకొండూ ఇరవైకి మా ఆయన్ని పిలిచారు.

దీపం పచ్చ అన్నారు. ఆ తర్వాత అవతలి లాయరు లేచాడు.

"బండి నడిపిన మనిషి ఏ రంగు చొక్కా వేసుకున్నాడు?"

ఆయన నోరు తెరిచి నా వైపు చూశారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కన డ్రైవరు భార్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గుర్తులేదు సార్" అన్నారు.

"అప్పట్లో పసుపు అని చెప్పారు. చొక్కా మరిచిపోయిన మీకు దీపం మాత్రం గుర్తుందా?"

"దీపం నా కాలికి గుర్తుంది సార్." కోర్టులో ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. "మా షాపు ముందు నుంచి పోయే బళ్లకి పచ్చ పడితే లారీలు కదుల్తాయి, మిషను అదురుతుంది. అప్పుడు కాజాలు కుడితే వంకర పోతాయి. అందుకని పచ్చ పడగానే కాలు తీసేస్తా, ఎర్ర పడ్డాక మళ్లీ తొక్కుతా. ఆ రోజు కాజా మధ్యలో కాలు తీశా. తీసిన తర్వాతే చప్పుడైంది. వ్యాను మా ముందు నుంచే వెళ్లింది సార్."

జడ్జిగారు రాసుకోవడం ఆపి ఆయన వైపు చూశారు. "చాలు మాస్టారూ, మీరు వెళ్లొచ్చు" అన్నారు.

తొమ్మిదేళ్లు దాచిన సాక్ష్యం పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. నాకు కోపం రావాలి. ఏడుపొచ్చింది.

ఎనిమిది రోజులకు తీర్పిచ్చారు, తప్పు వ్యానుది కాదని. డ్రైవరు లైసెన్సు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. దాని మీది ఫొటోలో ఉన్నంత జుట్టు ఇప్పుడు అతని తలమీద లేదు. మా ఆయన పాదాల దగ్గర కూర్చుండిపోయాడు. వారం తిరక్కుండా ఒక బడి వ్యానుకు పనిలో చేరాడు. రోజూ పొద్దున మా షాపు ముందు హారన్ కొట్టి మరీ వెళ్తాడు. ఆయన మిషను మీంచి కాలు తీసి చెయ్యి ఊపుతారు.

మొన్న ఆదివారం అలవాటు చొప్పున గరిట పట్టుకుని అడిగాను.

"దీపం ఏ రంగు?"

ఆయన తాపీగా తలెత్తారు. "ఏ దీపం?"

నిజంగా మరిచిపోయారో, నన్ను ఆటపట్టిస్తున్నారో మొహంలో పోల్చుకోలేకపోయాను. ఇదే మాట నెల కిందట అని ఉంటే నేను కుప్పకూలేదాన్ని.

"ఏం లేదులెండి" అని, ఆయన చేతిలో కాఫీ పెట్టాను.